పాటకు చోటిచ్చే డప్పు

కళావిమర్శలో మనకొక పాత జాడ్యం ఉంది. కష్టంగా కనిపించిందల్లా గొప్పదనీ, తేలిగ్గా కనిపించిందల్లా తక్కువదనీ అనుకుంటాం. ఛందస్సును చూసి కవిని కొలిచిన పండితులను యెగతాళి చేసిన మనమే, వేగాన్ని చూసి వాద్యగాణ్ణి కొలుస్తున్నాం. యీ మాట యితరుల మీద నేరంగా మోపడం లేదు. ఆ తప్పు నేనూ చేశాను.

కొన్నేళ్ల కిందట నల్లగొండ జిల్లాలో విద్యార్థులు పెట్టిన ఒక డప్పు పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఒక జట్టు గిరగిర తిరుగుతూ, ఒకరి భుజాల మీద ఒకరెక్కి, చెవులు గింగురుమనేలా వాయించింది. మరొక జట్టులో నడివయసు ఆయన ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఒకే దరువు పట్టి నిలబడ్డాడు. పక్కన పిల్లలు పాడారు. బహుమతి మొదటి జట్టుకే యిచ్చాను. యింటికి పోతూ దారిలో గమనించాను: నా నోట ఆడుతున్నది రెండో జట్టు పాట. మొదటి జట్టు పాటలో ఒక్క మాట గుర్తులేదు.

నా పొరపాటు యెక్కడుందో తెలియాలంటే డప్పు పనితీరు చూడాలి. చెక్క చట్రానికి తోలు బిగించి, వాయించేముందు మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. ఒక చేత పొట్టి సిర్ర, మరొక చేత సన్నని సిటికెన పుల్ల. యీ రెండింటితో ఖాళీ అన్నది లేకుండా నింపడం చేతివాటం. యెంత వదలాలో తెలియడం వివేకం. వదిలిన చోటే మాట వినిపిస్తుంది, అడుగు పడుతుంది.

పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగ రాత్రి చూడండి. అలాయి గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ, ముసలివారూ పసివారూ కలిసి అడుగు వేస్తారు. అక్కడ డప్పు తన నేర్పు చూపబోయి దరువు మారిస్తే ముసలి కాలు తప్పుతుంది, వలయం తెగుతుంది. బతుకమ్మ ఆటకు ఆ డప్పు కూడా అక్కరలేదు. చప్పట్ల మీదనే వాడ ఆడవాళ్లంతా ఒక్క అడుగై నడుస్తారు. నాట్లలో, కలుపులో కలిసి వంగిన నడుములకు యీ లయ కొత్త కాదు.

పోరాటానికీ యిదే లయ పనికివచ్చింది. 1946–51 సాయుధ పోరాట కాలంలో నల్లగొండ ప్రాంతపు కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి పల్లె కళారూపాలను తీసుకుని కొత్త వస్తువు నింపాడు. సభలో విన్న పాటను కూలిమనిషి మర్నాడు పొలంలో పాడుకోగలగాలి. పాడుకోలేని లయ యెంత పాండిత్యం గలదైనా సభతోనే ఆగిపోతుంది.

యిది మన పల్లెలకే పరిమితమైన సంగతి కాదు. యింగ్లండులో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందానికి 1963 నుంచి, 2021లో చనిపోయేదాకా, డ్రమ్ములు వాయించినవాడు చార్లీ వాట్స్. చిన్న సెట్టుతోనే సరిపెట్టుకున్నాడు. యెడమచేయి స్నేర్ డ్రమ్ము మీద గట్టి దెబ్బ వేసే క్షణంలో కుడిచేతిని హైహ్యాట్ తాళాల మీదినుంచి యెత్తేసేవాడు. ఆ ఒక్క విడుపుతోనే బృందమంతా కదిలేది. బీటిల్స్‌లో రింగో స్టార్‌కు సోలోలంటేనే గిట్టదు. కోట్లమంది విన్న ఆ పాటల మధ్య అతని సోలోగా అందరూ చెప్పుకునేది ఒక్కటే, 1969 నాటి ‘యాబీ రోడ్’లోది.

అయితే యిక్కడ ఒక ప్రమాదం ఉంది. నిరాడంబరతను పొగడడం తేలిక. యెవరితో ఆ మాట అంటున్నామో మరవకూడదు. దొరల కాలంలో మాదిగలకు డప్పు కొట్టడం వెట్టి. చాటింపుకూ చావుకూ పిలిచినప్పుడల్లా కొట్టవలసిందే. అటువంటి చేతిని పట్టుకుని, ‘నువ్వు వెనక ఉండి సాదాగా కొట్టు’ అంటే అది విమర్శ కాదు, పాత ఆజ్ఞే. 1994లో మొదలైన మాదిగ దండోరా డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా పైకెత్తింది. వేదిక నడుమకు వచ్చి ‘నా చేయి చూడండి’ అనే హక్కు డప్పు కళాకారునిది. విన్యాసం ఆ హక్కులో భాగమే. దాన్ని నేను తక్కువ చెయ్యను.

నేను తప్పుపట్టేది విన్యాసం తప్ప మరేదీ వినలేని మా చెవిని. వేగానికే బహుమతి అయితే కుర్రవాళ్లు వేగమే నేర్చుకుంటారు; అందులో వారి దోషం లేదు, కొలబద్ద పట్టిన మాదే. ఒక్క దరువును అరగంటసేపు సడలకుండా, తొందరపడకుండా నిలపడం కూడా విద్యే. చూడడానికి తేలిక గనుక దానికి మార్కులు పడవు, అంతే.

ఉపాధ్యాయులం, విద్యార్థులం యిటువంటి పోటీలు పెడుతూనే ఉంటాం. యిక ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. దరువు చివరిదాకా నిలిచిందా? వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు పాటలో మాట తెలిసిందా? కొత్తగా వచ్చినవాళ్ల కాలు అందులో కలిసిందా? ఆ రోజు నేను యీ మూడూ అడిగి ఉంటే నా కాగితం మీద మార్కులు వేరుగా పడేవి.