గునపం దగ్గర బడి

అంబాజీపేటలో కొబ్బరికాయల రాశి దగ్గరికి కొత్త కుర్రాడొస్తే మేస్త్రీ దరఖాస్తు అడగడు, చేతిలో కాయ పెడతాడు. “ఒలువు, చూద్దాం.”

నేలలో పాతిన గునపం మొన మీద కాయను గుచ్చి ఒడుపుగా మెలితిప్పాలి. పీచు విడిపోవాలి, పిలక మాత్రం మిగలాలి. పిలక ఊడిందా, కన్ను బయటపడి కాయ దారిలోనే పాడవుతుంది. లారీ వెళ్లేది ఉత్తరాదికి మరి! “బలం కాదురా, మణికట్టు” అని రోజూ చెప్పించుకోవాల్సిందే.

కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో చెట్టెక్కడానికి ఆరు రోజుల శిక్షణ మొదలెట్టింది, మంచిదే. ఇక్కడ మాత్రం సర్టిఫికెట్ కాయలు కాసిన అరచేయే.

చెయ్యి తిరిగాక చెవికి పాఠం. కాయను ఆడించి నీటి చప్పుడు వినాలి. కురిడీలో, అంటే నీరింకి లోపలే ఎండిన కాయలో అయితే, గుండు గలగలమంటుంది. కురిడీ రకాల్లో గండేరా ఏదో, గటగటా ఏదో వేరుచేయడం ఆ తర్వాతి సంగతి.