ఏ రైళ్ల ప్రదర్శనకు టికెట్టు కొనాలి?

బ్రిటన్‌లో చలికాలం వచ్చిందంటే దాదాపు ప్రతి శని, ఆదివారాల్లో ఎక్కడో ఒక ఊళ్లో, స్కూలు హాల్లోనో చర్చి హాల్లోనో నమూనా రైళ్ల ప్రదర్శన జరుగుతూనే ఉంటుంది. అమెరికాలోనూ ఈ సరదా తక్కువేం కాదు. జనవరి రాగానే మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆమ్హర్స్ట్ రైల్వే సొసైటీ పెట్టే ప్రదర్శన కొన్ని పెద్ద భవనాల నిండా పరుచుకుంటుంది. ఆ దేశాల్లో స్థిరపడ్డ మనవాళ్లు పిల్లల పోరు పడలేక ఇలాంటివాటికి వెళ్తుంటారు. కొందరు అబ్బురపడి తిరిగొస్తారు, కొందరు డబ్బు దండగ అని విసుక్కుంటారు. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఇద్దరూ చూసింది ఒకే రకం ప్రదర్శన కాదు. పోస్టరు మీద స్టాళ్ల సంఖ్య, హాలు వైశాల్యం, పిల్లల ఆటల ఏర్పాట్లు పెద్దక్షరాల్లో కనిపిస్తాయి. వాటితో తేల్చుకోకూడదు. చూడాల్సింది లేఅవుట్ల జాబితా ఒక్కటే: పట్టాలు, ఊరు, కొండ, స్టేషను కలిపి కట్టిన ఆ చిన్న లోకాలను ఎవరు కట్టారు, ఏ కొలతలో కట్టారు, బండ్లను ఎలా నడుపుతారు? చేత్తో కట్టి, పద్ధతిగా నడిపే లేఅవుట్లు మూడున్నా ఎంత దూరమైనా వెళ్లవచ్చు. ఒక్కటీ లేకపోతే పక్కవీధిలో పెట్టినా వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

ఈ కళ పుట్టుక బొమ్మల దుకాణంలోనే. జర్మనీ కంపెనీ మార్క్లిన్ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల మీద నడిచే బొమ్మ రైలును ఒక పద్ధతిగా అమ్మకానికి పెట్టింది. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్లు మొదలుపెట్టాడు. చరిత్ర ఇంతటితో చాలు. అసలు కథ ఆ బొమ్మల కొలతల్లో దాగిన ఒక రాజీ దగ్గర మొదలవుతుంది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే ఓఓ పద్ధతిలో బండిని అసలు బండి అడుగుకు 4 మిల్లీమీటర్ల చొప్పున చేస్తారు, పట్టాల మధ్య దూరం మాత్రం 16.5 మిల్లీమీటర్లే ఉంచుతారు. అసలు గేజి 1435 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం ఉండాల్సింది 18.83. తేడా రెండున్నర మిల్లీమీటర్ల లోపే కదా అంటారా? అసలు రైలు కొలతలో అది ఏడు అంగుళాలు. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజను ఇరుకు పట్టాల మీద బరువు మోయలేక నిలబడ్డట్టుంటుంది. ఈ లోపం భరించలేనివాళ్లు 18.2 మిల్లీమీటర్ల ఈఎం గేజికి మారారు. 1960ల్లో ఇంకా పట్టుదల ఉన్నవాళ్లు ప్రోటోఫోర్ పేరుతో సరిగ్గా 18.83కే వెళ్లారు. అలా వెళ్లినవాడికి దుకాణంలో దొరికే పట్టాలు పనికిరావు. రాగి రేకు అంటించిన స్లీపర్లను ఒక్కొక్కటిగా కోసుకోవాలి, వాటి మీద పట్టాను టంకం పెట్టి నిలపాలి. బండి దారి మళ్లే పాయింట్ల దగ్గర రెండు పట్టాలు కలిసే ముక్కును ఆకురాయితో రాసి పదును చేయాలి. ఆ ముక్కు పక్కన చక్రం అంచు దూరే సందు మిల్లీమీటరుకన్నా తక్కువ. అది వెంట్రుకవాసి తప్పినా బండి పట్టాలు దిగుతుంది. లేఅవుట్ ముందు నిలబడ్డప్పుడు ముందుగా ఇంజన్ల వైపు కాదు, ఆ పాయింట్ల వైపు చూడండి. కట్టినవాడి ఓపిక ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఓపిక అంటే పీటర్ డెన్నీ పేరే చెప్పాలి. చర్చి ఫాదరీగా పనిచేస్తూనే ఆయన 1940ల చివర్లో మొదలుపెట్టి కట్టిన బకింగ్‌హామ్ లేఅవుట్‌లో ఇంజన్లు, పెట్టెలు, పట్టాలు, ఇళ్లు దాదాపు అన్నీ సొంత చేతి పనే. పక్క స్టేషను సిగ్నల్ క్యాబిన్‌ను నడిపే కొడుకు క్రిస్పిన్ లేని రోజుల్లో కూడా ఆట ఆగకూడదని, స్టేషన్ల మధ్య కొట్టే గంటలకు జవాబిచ్చి బండ్లను పంపే యంత్రం తయారుచేసి దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టాడు. కంప్యూటరు ఇంటింటికీ రాని రోజుల్లో ఒక ఫాదరీ ఇంట్లో జరిగిన పని ఇది! రాయ్ ఇంగ్లండ్ సంగతి మరీ విశేషం. 1925లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వచ్చిన ఈయన వైట్ హార్స్ లోయలోని పాత పల్లెలు కళ్లముందే మారిపోతుంటే తట్టుకోలేక, వాటిని నమూనాలుగా నిలపాలనుకున్నాడు. ఆ సంకల్పమే ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్‌లో 1954లో మొదలైన పెండన్ మ్యూజియం. అక్కడి కుటీరాల గోడలు అట్టముక్కలే. వాటి మీద ఇటుకల వరసలు గీసి, నీటి రంగులతో ఇటుక ఇటుకకూ ఛాయ మార్చి వేశారు. గడ్డి కప్పు, పెరట్లో కూరమడి, కిటికీలోంచి కనిపించే గది, దేన్నీ వదలలేదు. ఒక్క ఇంటికి నెలలకు నెలలు పట్టేది. రైలు ఒక్కటే కాదు, రైలు వెళ్లే ఊరు కూడా ముఖ్యమని అంతకుముందే చూపిన జాన్ ఎహెర్న్ మ్యాడర్ వ్యాలీ లేఅవుట్ కూడా ఇప్పుడు అక్కడే భద్రంగా ఉంది. 1910 నుంచి నడుస్తున్న, లండన్‌లోని మోడల్ రైల్వే క్లబ్ వాళ్ల ‘కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్’ మరో అద్భుతం. అడుగుకు 2 మిల్లీమీటర్ల కొలతలో కింగ్స్ క్రాస్ స్టేషనుకు ఉత్తరాన రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఉన్న నగరాన్నంతా వాళ్లు దశాబ్దాలుగా కడుతూనే ఉన్నారు.

ఇంత అందంగా కట్టినా నడపడం రాకపోతే అది బొమ్మల కొలువే. ప్రదర్శనలో ఎక్కువమంది తప్పుతున్నది ఇక్కడే. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్ బండి 4 మిల్లీమీటర్ల కొలతలో సెకనుకు 35 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర మాత్రమే కదలాలి. యార్డులో పెట్టెలు సర్దే ఇంజను గంటకు 5 మైళ్లతో వెళ్తుందనుకుంటే, నమూనాలో సెకనుకు 3 సెంటీమీటర్లకు మించకూడదు. ఆగకుండా, కుదుపు లేకుండా అంత నెమ్మదిగా నడవాలంటే గేర్లు సరిగ్గా పడాలి, చక్రాలు శుభ్రంగా ఉండాలి, పట్టాల్లో కరెంటు ఎక్కడా తెగకూడదు. బండి మెరుపులా దూసుకుపోతుంటే చప్పట్లు కొట్టేవాళ్లకు ఈ కష్టం తెలియదు. మంచి లేఅవుట్‌లో గూడ్స్ ఇంజను పెట్టెను తాకి ఆగుతుంది. నడిపే మనిషి సన్నని తీగ కొక్కెంతో మూడు లింకుల గొలుసును ఎత్తి తగిలిస్తాడు. సిగ్నల్ రెక్క టపీమని పడిపోదు, ఒకసారి అదిరి నిలుస్తుంది. కొందరు అసలు రైల్వే పద్ధతిలోనే గంటలు కూడా కొడతారు. మామూలు పాసింజరుకు మూడు కొట్టి ఆగి ఒకటి, ఎక్స్‌ప్రెస్‌కు వరసగా నాలుగు. ఆ గంట వినిపించి, అవతలి నుంచి జవాబు వచ్చాకే బండి కదులుతుంది. గుండ్రంగా తిరిగే ఆరు బండ్లకన్నా ఇలా పద్ధతిగా వచ్చి వెళ్లే ఒక్క బండి మేలని నేను గట్టిగా నమ్ముతాను.

చిన్నపిల్లలకు ఈ గేజీలు, గంటలు ఎందుకు, వాళ్లకు గిరగిరా తిరిగేది చాలు కదా అని కొందరంటారు. అయిదేళ్లవాడికి అది నిజమే కావచ్చు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లల ముందు షంటింగ్ జరుగుతుంటే వాళ్లు బండి తర్వాత ఎటు పోతుందోనని కన్నార్పరు, ఎందుకంటే అందులో కథ ఉంది. వీడియోలు ఉండగా ప్రయాణం ఎందుకన్నది రెండో అభ్యంతరం. కెమెరా దగ్గరికి వెళ్లేసరికి కొలత పోతుంది, అట్ట ఇల్లు అసలు ఇల్లుగా మారిపోతుంది. అంత చిన్నదాని మీద అంత పని చేశారన్న ఆశ్చర్యం కంటితో చూస్తేనే కలుగుతుంది. పైగా కట్టిన మనిషి అక్కడే నిలబడి ఉంటాడు. ఈ చెట్టు దేంతో చేశారని అడిగితే, తీగ పురిపెట్టడం దగ్గర్నుంచి ఆకులు అంటించడం దాకా విప్పి చెబుతాడు. కాలిఫోర్నియాలో జాన్ ఎలెన్ కట్టిన ‘గోరీ అండ్ డిఫీటెడ్’ లేఅవుట్ ఆయన 1973లో పోయిన రెండు వారాల్లోపే మంటల్లో కాలిపోయింది. ఇవాళ ఫోటోలు తిరగేసేవాళ్లం దాని నీడను చూస్తున్నాం, అంతే. వ్యాపారుల స్టాళ్లు లేకపోతే హాలు అద్దె ఎవరు కడతారన్న మూడో వాదంలో మాత్రం బలముంది. టంకం కడ్డీ, సన్నని డ్రిల్ ముక్కలు, చక్రాలు, రంగులు అమ్మేవాళ్లు ప్రదర్శనలో ఉండాల్సిందే. కానీ హాలంతా వాళ్లే నిండి, ఓ మూల రెండు లేఅవుట్లు నామకహా పెడితే, కచేరీకని టికెట్టు కొని లోపలికి వెళ్లినవాడికి వాయిద్యాల దుకాణం చూపించినట్టే.

ఇప్పుడు జరుగుతున్నది అదే, బాధ కూడా అదే. లేఅవుట్లలోకి కూడా దుకాణమే వచ్చి కూర్చుంది. పెట్టె విప్పి బల్లమీద పెట్టేస్తే చాలనే అచ్చు పోసిన ఇళ్లు వచ్చాక వేల్స్‌లోని ఊరికీ యార్క్‌షైర్‌లోని ఊరికీ ఒకే చర్చి, ఒకే సారాకొట్టు, ఒకే వంతెన! రాయి రంగు మారదు, కప్పు వాలు మారదు. ఇంజను మీద మసి కూడా ఫ్యాక్టరీలోనే చల్లి పంపుతున్నారు. నిజం ఇంజనులో సేఫ్టీ వాల్వుల చుట్టూ సున్నపు మరకలు ఉంటాయి, బ్రేకు ధూళి చక్రాల దగ్గర గోధుమ రంగులో పేరుకుంటుంది. అన్నిచోట్లా ఒకే బూడిద రంగు చల్లితే అది మసి కాదు, మోసం. చేయి తిరిగిన పనివాడు ఫోటోలు ముందు పెట్టుకుని రోజులు పట్టి చేసినదాన్ని, దుకాణంలో కొని తెచ్చి పరిచినదాన్ని ఒకే వరసలో పెట్టి ఒకే రకంగా పొగిడే నిర్వాహకులు ఈ కళకు మేలు చేయడం లేదు. ఇంకో బాధ కూడా ఉంది: బర్మింగ్‌హామ్ ఎన్‌ఈసీ ప్రదర్శనశాలలో వార్లీ క్లబ్బు ఏటా నడిపిన జాతీయ ప్రదర్శన 2023 నవంబరుతో ఆగిపోయింది. ఒక క్లబ్బు సభ్యులు సొంత ఓపికతో అంత పెద్ద పని మోశారు. దాని గురించి తలచుకుని బాధపడేవాళ్లలో ఎంతమంది తమ ఊరి క్లబ్బులో బల్లలు మోయడానికి ముందుకొస్తున్నారు? మంచి ప్రదర్శనకు వెళ్లడం ఒక్కటే సరిపోదు. నచ్చిన లేఅవుట్ పేరు నిర్వాహకులకు చెప్పండి, మళ్లీ పిలవమనండి. పిల్లవాడికి ఆసక్తి ఉంటే క్లబ్బు సమావేశానికి తీసుకెళ్లి టంకం కడ్డీ చేతికివ్వమని అడగండి.

మనవాళ్లకు ఇంకో విన్నపం. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. 1:87 కొలతలో అది 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. మన బండ్ల నమూనాలను మామూలుగా నడిపేది మాత్రం దుకాణంలో దొరికే 16.5 పట్టాల మీదే. అంటే రాజధాని ఎక్స్‌ప్రెస్ యూరప్ గేజి మీద నడుస్తోందన్నమాట. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉన్న తెలుగు ఇంజనీర్లు నలుగురు కలిసి, పట్టాలు తామే వేసుకుని, కొత్తవలస–కిరండూల్ మార్గంలోని బొర్రా గుహలు స్టేషనును, దాని పక్క సొరంగాన్ని, ఇనుప ఖనిజం మోసే గూడ్స్ బండిని ఆ 19 మిల్లీమీటర్ల మీద కట్టి ఒక ప్రదర్శనకు తెస్తే, ఆ జాబితాలో మిగతా పేర్లు చూడకుండానే నేను టికెట్టు కొంటాను.