అంతరిక్ష యుద్ధక్రీడలు: వుత్థాన పతనాలు

మొన్న వొక విద్యార్థి గోష్ఠిలో కంప్యూటరు క్రీడలన్నీ వట్టి పలాయన సాధనాలని తేల్చివేశాను. వెనుక బల్లమీది కుర్రవాడు లేచి, "మాస్టారూ, మీరు వొక్కటైనా ఆడి చూశారా?" అని అడిగాడు. ఆడాను. చదువుకునే రోజుల్లో మిత్రుని గదిలో 'టై ఫైటర్' ముందు ఎన్నో రాత్రులు తెల్లవార్చినవాణ్ణే. కాని ఆడినదాన్ని గురించి ఆలోచించలేదు. ఆలోచించకుండా తీర్పు చెప్పడం విమర్శ కాదు. ఆ విద్యార్థికి నేను బాకీపడిన జవాబు యీ వ్యాసం.

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 'స్పేస్‌వార్' పుట్టింది. రాసినవాళ్లు దాన్ని అమ్ముకోలేదు. చేతులు మారుతూ ఇతర కంప్యూటరు కేంద్రాలకు పాకింది. 1984లో ఇంగ్లండులో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే యువకులు 'ఎలైట్' తయారుచేశారు. 32 కిలోబైట్ల బీబీసీ మైక్రో యంత్రంలో 8 నక్షత్రమండలాలు, వొక్కొక్కదానిలో 256 లోకాలు ఇమిడ్చారు. యీ ప్రతిభను కాదనలేం. అయితే ఆ విశాల విశ్వంలో మనిషి చేసే పనేమిటి? చవుకగా కొని ప్రియంగా అమ్మడం. తిండిగింజలతోపాటు మాదకద్రవ్యాలూ, బానిసలూ కూడా ఆ సరుకుల పట్టికలో వున్నాయి. నిషిద్ధ సరుకుతో పట్టుబడితే పోలీసు వోడలు తరుముతాయి. అంతకుమించి ఆట ఏమీ అడగదు. అవి ఇంగ్లండులో థాచరు పాలన సాగుతున్న రోజులని మరచిపోకూడదు.

1990లో క్రిస్ రాబర్ట్స్ 'వింగ్ కమాండర్' వచ్చింది. పిల్లిజాతి శత్రువును చంపడమే అందులో ధర్మం. ఆ యుద్ధమెందుకని అడిగే అవసరం ఆడేవాడికి కలగదు. 1993లో 'ఎక్స్ వింగ్', 1994లో 'టై ఫైటర్' వచ్చాయి. యీ రెండింటికీ లారెన్స్ హాలండ్, ఎడ్వర్డ్ కిల్హామ్ సారథులు.

'టై ఫైటర్' దగ్గర కొంచెం ఆగాలి. ఇందులో మనం సామ్రాజ్యపు సైనికులం. మొదట వచ్చేపోయే వోడల సరుకు తనిఖీ చేస్తాం. తరువాత సెపాన్ అనే చోట పోట్లాడుకుంటున్న రెండు పక్షాల మధ్య "శాంతి" నెలకొల్పడానికి వెళతాం. ప్రతి దండయాత్రకూ క్రమశిక్షణ అనీ, శాంతిభద్రతలనీ పేరుంటుంది. రెండువందల యేళ్లు యీ మాటలు విన్న దేశంలో పుట్టినవాడికి వీటి అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి వుంది. సామ్రాజ్యం మామూలు సైనికుడికిచ్చే విమానానికి రక్షణకవచం లేదు. తిరుగుబాటుదారుడి విమానానికి వుంది! నాలుగు దెబ్బలు తగిలితే మనం బూడిద. సామ్రాజ్యానికి సైనికుడి ప్రాణం ఎంత చవుకో ఉపన్యాసం చెప్పలేదు, ఆ యంత్రపు నిర్మాణమే చెప్పింది. వస్తువు రూపంలో కరిగిపోవడమంటే ఇదే. దీన్ని పలాయనమని కొట్టిపారేసిన నా మాట తప్పు.

ఇక పతనం. 1999లో 'ఫ్రీస్పేస్ 2' వచ్చింది. విమర్శకులు మెచ్చారు, అమ్మకాలు లేవు. ప్రజల అభిరుచి మారిందని వ్యాపారులు చెప్పే మాట సగం నిజం. మిగతా సగం లెక్కల పుస్తకంలో వుంది. సినిమా నటులతో చిత్రీకరించిన 1996 నాటి 'వింగ్ కమాండర్ 4'కు కోటి డాలర్లకు పైగా ఖర్చయింది. అంత పెట్టుబడి తిరిగిరావాలంటే అందరూ కొనాలి. కాని యీ ఆటలకు జాయ్‌స్టిక్ విడిగా కొనుక్కోవాలి. ఆయుధాలకూ, కవచానికీ, ఇంజనుకూ శక్తిని పంచడం ఓపికతో నేర్చుకోవాలి. మౌసుతో కాల్చే ఆటలకు యీ బాధ లేదు. పెట్టుబడి అటు నడిచింది. 1992లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొన్న ఆరిజిన్ సంస్థ 2004లో మూతపడింది. నేర్చుకోవడానికి శ్రమ అవసరమైన కళ లాభానికి అడ్డం వచ్చినప్పుడు, ముందు బలి అయ్యేది ఆ కళే.

అయినా కథ ముగియలేదు. 2002లో 'ఫ్రీస్పేస్ 2' మూలలిపి బహిరంగమైంది. దేశదేశాల అభిమానులు జీతం లేకుండా దాన్ని సంస్కరించి, కొత్త కథలు చేర్చి బతికించారు. కంపెనీ వదిలేసిన క్షేత్రాన్ని సమష్టి శ్రమ దున్నింది. మరొక దారి కూడా వుంది. 2012లో క్రిస్ రాబర్ట్స్ 'స్టార్ సిటిజన్' కోసం అభిమానులనే చందా అడిగాడు. 2022 నాటికి ఆ మొత్తం 50 కోట్ల డాలర్లు దాటింది. ఆట మాత్రం అప్పటికీ పూర్తికాలేదు. పూర్తికాని విశ్వంలో ఎగరవలసిన వోడలను ముందే అమ్మారు. రెండుచోట్లా వున్నది అభిమానుల ప్రేమే. వొకచోట అది శ్రమగా మారి అందరి సొత్తయింది, ఇంకొకచోట సరుకుగా మారింది.

కాబట్టి నా మిత్రుడైన విద్యార్థికి చెప్పేదిది. ఆడు, తప్పులేదు. కాని ఎవరి విమానంలో కూర్చున్నావో, ఎవరి ఆజ్ఞమీద కాలుస్తున్నావో, నీకు కవచం ఎందుకివ్వలేదో అడుగుతూ ఆడు. అట్లా అడగడం నేర్పకుండా పలాయనమని తిట్టి వూరుకున్నది నేనే. ఆ తప్పు ఇక్కడ దిద్దుకుంటున్నాను.