బ్లాక్ టీ మెప్పు, మ్యూరెక్సైడ్ ముక్కుసూటితనం

బోరు నీటి కాఠిన్యత కొలవడానికి డిగ్రీ ల్యాబుల్లో ఈడీటీఏకి తోడుగా తరచూ దిగే సూచికలు రెండు: ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, మ్యూరెక్సైడ్. 1940ల్లో జూరిక్‌లో రసాయనవేత్త ష్వార్జెన్‌బాక్ బృందమే రెండింటినీ ఈ పనిలో పెట్టింది. మార్కులన్నీ బ్లాక్ టీకే పడుతుంటాయి. నాకు అందులో సగమే న్యాయం కనిపిస్తుంది.

చూడ్డానికి దానికి సాటి లేదు. అమ్మోనియా బఫర్‌లో, పీహెచ్ 10 దగ్గర, అది స్వతహాగా నీలం. లోహం తగులుకుంటే వైన్ రెడ్. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ పడేకొద్దీ ఎరుపు ఊదాగా మారుతుంది. ఇక్కడే తొందరపడి ఆపేస్తుంటారు. ఎర్ర జీర బొత్తిగా పోయి స్వచ్ఛమైన నీలం తేలాలి. చివర్లో ఒక్క చుక్క చాలు.

అయితే ఆ చుక్క మహిమ మెగ్నీషియానిది. ఈడీటీఏ ముందు కాల్షియాన్ని పట్టుకుంటుంది (స్థిరత్వ లాగ్ విలువ 10.7), తర్వాతే మెగ్నీషియాన్ని (8.7). సూచిక సంగతి తిరగేసి: మెగ్నీషియాన్ని గట్టిగా (7.0), కాల్షియాన్ని వదులుగా (5.4) పట్టుకుంటుంది. నీటిలో ఉత్త కాల్షియమే ఉంటే ఎరుపు వేళకు ముందే వెలవెలబోతుంది. అందుకే కాస్త మెగ్నీషియం–ఈడీటీఏ కలిపి పరువు నిలబెడతారు.

మ్యూరెక్సైడ్‌కి ఆ అరువు అక్కర్లేదు. కాస్టిక్ సోడాతో పీహెచ్ 12కి తెస్తే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా విడిపోతుంది, లెక్కకొచ్చేది కాల్షియం ఒక్కటే. పాపం, రంగే కలిసిరాదు. గులాబీ నుంచి ఊదాకి మార్పు. రెండూ ఇరుగుపొరుగు రంగులు. ఇద్దరు చూస్తే రెండు రీడింగులు. ఎండ్ పాయింట్ దాటించిన ఫ్లాస్కును పక్కన పెట్టుకుని పోల్చుకోవాల్సిందే. ద్రావణంగా నిలవదు, ఉప్పుతో నూరి పొడిగా చిటికెడు వేస్తారు (నిలవ విషయంలో బ్లాక్ టీ కూడా అంతంతమాత్రమే). కాల్షియం ఒక్కటే కావాలంటే నా ఓటు 1956లో వచ్చిన ప్యాటన్–రీడర్ సూచికకి: మ్యూరెక్సైడ్ పీహెచ్‌లోనే బ్లాక్ టీ రంగులు చూపిస్తుంది.

అంతమాత్రాన మ్యూరెక్సైడ్‌ని అటకెక్కించలేం. నికెల్ దగ్గర కథ తారుమారు. అమ్మోనియా ద్రావణంలో అది పసుపు నుంచి ఊదాకి మారుతుంది. పొరపడే పనే లేదు. బ్లాక్ టీని మాత్రం నికెల్ ఒకసారి పట్టుకుంటే వదలదు. ఎంత ఈడీటీఏ పోసినా ఎరుపు ఎరుపుగానే ఉండిపోతుంది. బ్లాక్ టీతోనే చేయాలంటే, దాన్ని వేయకముందే ఈడీటీఏ ఎక్కువ పోసి, మిగిలినదాన్ని మెగ్నీషియం ద్రావణంతో వెనక్కి లెక్కగట్టుకోవాలి.