గోధుమ మానకముందే రక్తం ఇవ్వండి

రెండు నెలల కిందట మా ల్యాబుకు ఒక తల్లి పన్నెండేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పిల్ల హిమోగ్లోబిన్ 8 దాటడం లేదు, ఎత్తూ పెరగలేదు. చీటీలో ‘టీటీజీ ఐజీఏ’ అని రాసుంది. సిరంజి అందుకుంటూ, ఈ పరీక్షకు వచ్చినవాళ్లందర్నీ అడిగేదే అడిగాను: “పాప చపాతీలు తింటోందా అమ్మా?”

“లేదు మేడమ్. గోధుమ పడదేమో అని ఎవరో చెప్తే మూడు నెలలుగా అన్నమే పెడుతున్నా.”

సిరంజి పక్కన పెట్టి డాక్టరుగారికి ఫోన్ చేశాను.

సీలియాక్ అనే జబ్బు ఉన్నవాళ్లు గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు మీదే తిరగబడుతుంది. మన ఒంట్లోనే ఉండే ట్రాన్స్‌గ్లుటామినేజ్ (చీటీలోని ‘టీటీజీ’ అదే) అనే ఎంజైము మీద యాంటీబాడీలు పుడతాయి. మేం వెతికేది వాటినే, అందులోనూ ఐజీఏ రకాన్ని. ఆ ఎంజైమును బెర్లిన్ పరిశోధకులు 1997లో పట్టుకున్నారు. అంతకుముందు నుంచీ ఉన్న పద్ధతి వేరు: కోతి అన్నవాహిక పలుచని ముక్కల మీద రోగి సీరం వేసి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పచ్చగా మెరిసే తేనెపట్టు లాంటి అల్లిక కోసం చూడటం. నాకు ఆ పని నేర్పిన మాస్టారు గంటల తరబడి కన్ను తీసేవారు కాదు. ఇప్పుడు 96 గుంటల ప్లేటు చాలు. యాంటీబాడీ ఉన్న గుంట నీలమవుతుంది, చివర ఆమ్లం చుక్క పడగానే పసుపు తిరుగుతుంది.

గ్లూటెన్ మానేస్తే ఆ యాంటీబాడీలు వారాల్లో, నెలల్లో తగ్గిపోతాయి. జబ్బు అలాగే ఉంటుంది, రిపోర్టులో మాత్రం ‘నెగటివ్’ అని పడుతుంది. ఆ కాగితం పట్టుకుని పిల్లను ఇంకెన్నేళ్లు తిప్పుతారో అని నాకు భయం. అందుకే బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు పరీక్షకు ముందు కనీసం 6 వారాలు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ తినాలంటాయి.

ఇంకో చిక్కుంది. సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురికి అసలు ఐజీఏనే సరిగ్గా తయారవదు. వాళ్ల గుంటలో రంగు ఎలా వస్తుంది? మొత్తం ఐజీఏ కూడా కొలిచి, అది లేకపోతే ఐజీజీ రకం యాంటీబాడీల పరీక్షకు వెళ్లాలి. ఖర్చు తగ్గుతుందని ఆ మొత్తం ఐజీఏ పరీక్ష కొట్టేయడం నాకు నచ్చదు.

మనవైపు ఈ జబ్బు డాక్టర్లకు కూడా త్వరగా తట్టదు. హర్యానా, అస్సాం, తమిళనాడుల్లో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఉత్తరాదిన ఈ యాంటీబాడీలు 1.23 శాతం మందిలో కనిపించాయి, దక్షిణాదిన 0.10 శాతంలో. జబ్బుకు వీలిచ్చే జన్యువులు రెండు చోట్లా దాదాపు సమానమే. గోధుమ తినడంలో మాత్రం ఎంతో తేడా ఉంది. ఇప్పుడు షుగరు భయంతో మన ఇళ్లలోనూ రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చింది. అన్నం తినే ఊళ్లలోనూ దీన్ని గుర్తు పెట్టుకోవాల్సిందే. చపాతీ తినకపోయినా గోధుమ కడుపులోకి పోతుంది: ఇంగువ డబ్బా మీద చదివి చూడండి, చాలావాటిలో మైదా ఉంటుంది.

డాక్టరుగారి మాట మీద ఆ పాప ఆరు వారాలు చపాతీ, బ్రెడ్డు తిని గత వారం మళ్లీ వచ్చింది. కడుపుబ్బరం, విరేచనాలు తిరగబెట్టాయి. చేయి చాపుతూ అడిగింది: “మేడమ్, ఇవాళ్టి నుంచి మానేయొచ్చా?”

పేగును చూడటానికి ఎండోస్కోపీ కావాలంటే అప్పటిదాకా కూడా తింటూనే ఉండాలి. “ఇంకొన్నాళ్లు ఓర్చుకో తల్లీ, డాక్టరుగారు చెప్పేదాకా” అన్నాను. పాప తలూపింది.

ఆ సాయంత్రం ప్లేటులో ఆమె గుంట చిక్కటి పసుపు.