అనుమతి పొందిన నవ్వు: తెనెరిఫే కార్నివాల్ – బఖ్తిన్ భావన పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:
స్పెయిన్ దేశానికి చెందిన కేనరీ ద్వీపాలలో తెనెరిఫే ఒకటి. ఆ ద్వీప ముఖ్యపట్టణమైన సాంతా క్రూజ్‌లో ఏటా జరిగే కార్నివాల్ నియంతృత్వకాలంలో నిషేధానికి గురైంది. 1961 నుండి ‘శీతకాలపు ఉత్సవాలు’ అనే మారుపేరుతో బహిరంగంగా కొనసాగింది. పాలకుల అనుమతితో పుట్టే నవ్వుకు విమర్శశక్తి ఉంటుందా అన్న ప్రశ్నను ఈ ఉత్సవచరిత్ర ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. బఖ్తిన్ కార్నివాల్ భావన ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో, ఎక్కడ చాలదో నిరూపిస్తుంది.

కీలకపదాలు: కార్నివాల్, తెనెరిఫే, ముర్గా, బఖ్తిన్, వ్యంగ్యం, అధికారం.

1. ప్రవేశిక:
క్రైస్తవుల నలభైరోజుల ఉపవాసకాలానికి ముందు విందు, వేషం, నృత్యం, హాస్యం కలగలిసి జరిగే ఉత్సవం కార్నివాల్. దీనిని సాహిత్యవిమర్శలో ఒక సిద్ధాంతస్థాయికి చేర్చినవాడు మిఖాయిల్ బఖ్తిన్. ఫ్రెంచి రచయిత రాబ్లేపై ఆయన చేసిన అధ్యయనం 1965లో రష్యన్ భాషలో గ్రంథరూపం పొందింది. కార్నివాల్ ప్రజల రెండవ జీవితమని, అందులో హోదాల తారతమ్యం తాత్కాలికంగా తొలగిపోతుందని, ఆడేవారు చూసేవారు అన్న భేదం ఉండదని ఆయన భావించాడు. ఆ నవ్వు పాతదాన్ని కూలదోస్తూనే కొత్తదానికి ప్రాణం పోస్తుందన్నది ఆయన ప్రతిపాదనలో కీలకాంశం.

దీనికి భిన్నమైన వాదాన్ని ఉంబెర్తో ఎకో 1984లో వినిపించాడు. ఆయన దృష్టిలో కార్నివాల్ అనుమతి పొందిన ఉల్లంఘన మాత్రమే. ఉల్లంఘనకు గడువు పెట్టడం వల్ల నియమం మరింత బలంగా గుర్తుకు వస్తుంది. ఈ రెండు వాదాలలో ఏది నిలుస్తుందో తేల్చడానికి తెనెరిఫే చక్కని నిదర్శనం. ఇక్కడ అనుమతి ఊహాజనితమైన భావన కాదు. దానికి తేదీ ఉంది, పేరు ఉంది.

2. నిషేధం – మారుపేరు:
1936 మార్చి నుండి కేనరీ ద్వీపాల సైనికాధిపతిగా సాంతా క్రూజ్‌లో ఉన్నవాడు ఫ్రాన్సిస్కో ఫ్రాంకో. అదే సంవత్సరం జూలైలో అతడు తిరుగుబాటులో చేరాడు. 1937లో ఫ్రాంకో పక్షం అధీనంలో ఉన్న ప్రాంతాలలో కార్నివాల్ నిషిద్ధమైంది. అంతర్యుద్ధం ముగిసిన తరువాత కూడా ఆ నిషేధం కొనసాగింది. ముఖం కప్పుకున్న మనిషి ఎవరో తెలియకపోవడం ఏ నిరంకుశపాలనకైనా భయకారణమే. అయినా సాంతా క్రూజ్‌లో వేషం పూర్తిగా అంతరించలేదు. అది ఇళ్ళలోకి, వినోదసంఘాల గదులలోకి తలదాచుకుంది.

1961లో స్థానిక పాలనాధికారులు, బిషప్ డొమింగో పెరెజ్ కాసెరెస్ సమ్మతితో ఈ వేడుక ‘శీతకాలపు ఉత్సవాలు’ అన్న పేరుతో వీధిలోకి వచ్చింది. కార్నివాల్ అన్న మాట మాత్రమే అధికారపత్రాలలో కనిపించకుండా పోయింది. 1975లో ఫ్రాంకో మరణించాక అసలు పేరు తిరిగి వచ్చింది. 1980లో అంతర్జాతీయ పర్యాటక ప్రాముఖ్యం గల ఉత్సవంగా దీనికి ప్రభుత్వగుర్తింపు లభించింది.

ఈ చరిత్రను ప్రజావిజయంగా మాత్రమే చదవడం సరికాదు. మారుపేరుకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. కార్యక్రమపట్టిక, పోటీలు, న్యాయనిర్ణేతలు, రాణి ఎంపిక వంటి వ్యవస్థీకృత రూపాలు ఆ కాలంలోనే బలపడ్డాయి. పాటల సాహిత్యం సెన్సారు పరిశీలనకు వెళ్ళేది. ఉత్సవాన్ని నిషేధించలేని అధికారం దానికి ఒక చట్రాన్ని బిగించింది. ప్రజాస్వామ్యం వచ్చాక సెన్సారు పోయింది కాని ఆ చట్రం మిగిలింది.

3. ముర్గా – పేరడీ శిల్పం:
ఆ చట్రంలోనే ఎదిగిన వ్యంగ్యగేయరూపం ముర్గా. 1917లో సాంతా క్రూజ్‌కు వచ్చిన ‘లాయా’ అనే యుద్ధనౌక నావికులు కాదిజ్ నగరపు హాస్యగాన సంప్రదాయాన్ని ఇక్కడ ప్రదర్శించారని, స్థానిక ముర్గాకు అదే ప్రేరణ అయిందని చరిత్రకారులు చెబుతారు. 1961లో ఏర్పడిన ‘న్యీ ఫూ న్యీ ఫా’ బృందాన్ని నేటి ముర్గాలన్నింటికీ తల్లిగా గౌరవిస్తారు. అటూ ఇటూ కాని స్థితిని తెలిపే ఒక స్పానిష్ నానుడి ఈ పేరులో ధ్వనిస్తుంది. అవునని కాని కాదని కాని బహిరంగంగా అనలేని కాలంలో పుట్టిన బృందానికి ఆ పేరు ఉండటం గమనార్హం.

ముర్గా సభ్యులు ఒకే రకమైన దుస్తులు ధరించి, ముఖాలకు విదూషకుల వలె రంగులు పూసుకొని, పీకల వంటి చిన్న ఊదుడు వాద్యాలతో, డప్పులతో బృందగానం చేస్తారు. జనానికి బాగా తెలిసిన బాణీలకు కొత్త మాటలు కూర్చడం దీని ప్రధానశిల్పం. పాత పాటలోని ప్రేమ లేదా భక్తి శ్రోత మనసులో మెదులుతుండగానే కొత్త పాటలోని ఆసుపత్రి నిరీక్షణ, ఇంటి అద్దె, నాయకుల వాగ్దానభంగం చెవిన పడతాయి. ఆ రెండింటి మధ్య ఏర్పడే ఎడం నుండే వ్యంగ్యం పుడుతుంది. మాటను పరీక్షించే సెన్సారు అధికారికి కాగితం మీద చిక్కేది కొత్త సాహిత్యం మాత్రమే. బాణీ మోసుకొచ్చే స్మృతి, విరుపు, కనుసైగ అతని చేతికి అందవు.

నేడు ముర్గాల పోటీని నిర్వహించేది నగరపాలక సంస్థ. పాటలో నిందకు గురయ్యేదీ తరచు అదే సంస్థ. ఎకో వాదం ప్రకారం ఇది అధికారపు ఉదారతాప్రదర్శన కావాలి. అయితే పోటీకి కావలసిన నెలల తరబడి సాధన, పేటలలో బృందజీవనం, తరాల మధ్య శిక్షణ అధికారం సమకూర్చినవి కావు. అనుమతి వేదికకే పరిమితం; సాధన దాని పరిధిలోకి రాదు. ఆ సాధనలోనే విమర్శ ఒక సామూహిక అలవాటుగా స్థిరపడుతుంది.

4. వేదిక – వీధి:
ఉత్సవరాణి ఎంపికలో ఈ స్థితి కనిపించదు. అభ్యర్థినులు ధరించే అలంకృతవస్త్రాలలో కొన్ని వంద కిలోలకు మించి బరువుండటం వల్ల వాటికి చక్రాలు అమరుస్తారు. వాణిజ్యసంస్థల ప్రాయోజకత్వం, టెలివిజన్ ప్రసారం, కూర్చుని చూసే ప్రేక్షకులు ఇక్కడి వాస్తవం. హోదాల విపర్యయం జరగడం లేదు. ఒక కొత్త హోదా సృష్టి జరుగుతోంది. ఈ భాగానికి ఎకో వాదమే సరిపోతుంది.

వీధి ఇందుకు విరుద్ధం. 1987లో ప్లాసా దె ఎస్పాన్యా చౌకులో క్యూబా గాయని సీలియా క్రూజ్ పాడినప్పుడు రెండు లక్షలకు పైగా జనం చేరి ఆడారు. ఆ ఘటన గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. భస్మ బుధవారం నాడు జరిగే ‘చేప అంత్యక్రియలు’ బఖ్తిన్ భావనకు మరింత సన్నిహితం. పెద్ద సార్డిన్ చేపబొమ్మ వెంట పురుషులు విధవల వేషంలో గుండెలు బాదుకుంటూ ఊరేగుతారు. బూటకపు పూజారులు ఆశీర్వదిస్తారు. చివరకు చేపను దహనం చేస్తారు. చావును నవ్వుతో సాగనంపే ఈ తంతులో ఎవరు నటులో, ఎవరు ప్రేక్షకులో విడదీయలేం.

అయితే వీధికీ ఒక వెలుపల ఉంది. 2007లో నగరమధ్యంలో నివసించేవారు కొందరు రాత్రిళ్ళ రొదపై కోర్టుకు వెళ్ళారు. వీధివేడుకను నిలిపివేయమని కోర్టు తాత్కాలికంగా ఆదేశించి, తరువాత ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకుంది. నిద్ర కోరే పౌరుడు నియంత కాడు. అతని హక్కూ ప్రజాస్వామ్యం ఇచ్చినదే. అందరూ అందులోనే జీవిస్తారని చెప్పే కార్నివాల్ భావనలో ఈ పొరుగువాడికి చోటు లేదు.

5. ఉపసంహారం:
బఖ్తిన్ తన ప్రతిపాదనను మధ్యయుగ, పునరుజ్జీవన కాలాలను ఆధారం చేసుకొని చేశాడు. తరువాతి కాలంలో కార్నివాల్ క్షీణించిందనీ గుర్తించాడు. కనుక లోపం ఆయన సిద్ధాంతంలో కంటే, దానిని ఆధునిక ఉత్సవాలకు యథాతథంగా అన్వయించే పద్ధతిలోనే ఎక్కువగా ఉంది. తెనెరిఫేలో ఒకే ఉత్సవంలోని రాణిపోటీ ఎకోను, చేప అంత్యక్రియలు బఖ్తిన్‌ను సమర్థిస్తాయి. ముర్గా ఇద్దరికీ పూర్తిగా లొంగదు. అనుమతి పొందినంత మాత్రాన నవ్వు నిర్వీర్యం కాదు. అనుమతిని ధిక్కరించినంత మాత్రాన విమర్శా కాదు. ఏ ఉత్సవాన్ని పరిశీలించినా అనుమతి ఎవరిచ్చారు, బదులుగా ఏ రూపాన్ని విధించారు, ఆ రూపానికి బయట ప్రజలు ఏమి నిలుపుకున్నారు, వెలుపల ఎవరు మిగిలారు అన్న నాలుగు ప్రశ్నలను పరిశోధకులు విడివిడిగా వేసుకోవలసి ఉంటుంది.