మేలును మంచితనమును

"దేవుడు మంచివాడు గనుక నేనాయనను నమ్ముచున్నాను" అని క్రైస్తవులు చెప్పుమాట వినుటకు సులభము, పరీక్షించుటకు కఠినము. మంచివాడనగా నాకు మేలు చేసినవాడనియా? మేలు కనబడనప్పుడును మంచివాడే యనియా? ఈ రెండర్థముల భేదమును మఱచుటచేతనే మన క్రైస్తవ కూటములలో చెప్పబడు సాక్ష్యములు పెక్కులు బలహీనములగుచున్నవి.

హైదరాబాదునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములు శిక్షణాలయములకును, పరీక్షలకు చదువుకొను పరస్థల విద్యార్థులకును పేరుపొందినవి. అచటి యొక ప్రార్థనకూటమున నొక యువకుడు లేచి, "ప్రార్థించితిని, నెగ్గితిని, దేవుడు మంచివాడు" అని సాక్ష్యమిచ్చెననుకొందము. అతని కృతజ్ఞతను ఎవ్వరు నాక్షేపింపరాదు. కాని యంతే చదివి, యంతే ప్రార్థించి తప్పినవాడును ఆ గదిలోనే యుండవచ్చును. గెలుపు దేవుని మంచితనమునకు రుజువైనచో వాని యోటమి దేనికి రుజువు? 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగరులో రెండు బాంబులు ప్రేలి పలువురు మరణించిరి. కొంచెము ముందుగా ఆ త్రోవను దాటినవాడు "దేవుడు నన్ను కాపాడెను" అనినచో, బిడ్డను గోల్పోయిన తల్లి యేమనవలయును?

ఈ చిక్కు క్రొత్తది గాదు. 1876-78 సంవత్సరముల కఱవులో ఒంగోలునందలి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగుహాము కాలువ త్రవ్వకమున గుత్త గైకొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించెను. మతమున జేరగోరినవారు పెక్కండ్రుండినను, కూటికై వచ్చుచున్నారేమో యను శంకచే కఱవుకాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. పిదప 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో పెక్కురు మాదిగలు. వారు కూలినిబట్టి మాత్రమే వచ్చిరని యెగతాళి చేయుట న్యాయము గాదు. ఊరివెలుపల నుంచబడినవానిని మనుష్యునిగా నెంచుటయే వానికి తెలిసిన మొదటి మంచితనము.

క్రైస్తవుల గ్రంథమే లాభముపై నిలిచిన విశ్వాసమును శంకించుచున్నది. యోబు లాభాపేక్ష లేకయే భక్తుడాయను ప్రశ్నతోనే యతని కథ యారంభమగును. పంట పోయినను ఆనందింతునని హబక్కూకు ప్రవక్త నిశ్చయించుకొనెను. క్రీస్తు సిలువ భావమును అదియే: దేవుడు బాధను తప్పించుటకంటె ముందుగా బాధలో పాలుపంచుకొనెనని వారి నమ్మకము. ఇది యన్యుని నొప్పించు తర్కము గాకపోవచ్చును. అయినను, తల్లి నేడు మిఠాయి పెట్టలేదని బిడ్డ యామెను శంకింపనట్లు, స్వభావమునెఱిగి యుంచిన నమ్మిక యిది. లెక్కచూచి యుంచిన నమ్మిక లెక్క తప్పిననాడే పోవును.

కావున గృహస్థులారా, పరీక్ష తప్పిన బిడ్డతో "నీ ప్రార్థన చాలలేదు" అని పలుకకుడు. ఆ మాట బిడ్డ మనస్సును గాయపఱచుటయేగాక, మీరు కొనియాడు దేవుని మంచితనమును మార్కుల పట్టీకి లోబఱచును. గెలిచినవాడు వేదిక దిగి యోడినవాని ప్రక్కన కూర్చుండెనేని, ఆ కూటమునకు వేఱు సాక్ష్యము అక్కఱలేదు.